లెక్క పెట్టని గొంతు

దయ్యాలకు నేను ఎప్పుడూ భయపడలేదు. గోపాల్‌పేట దగ్గర మా చేను స్మశానాన్ని ఆనుకుని ఉంటుంది. పన్నెండేళ్ళ వయసు నుంచి ఆ గట్టు మీదుగానే సద్ది పట్టుకుని పోయాను. నా భర్తను కాల్చింది కూడా అక్కడే. ఆ తర్వాతి వారం వేరుశనగ పీకడానికి ఒక్కదాన్నే పోయాను. ఎవరికైనా గాలి సోకిందని అంటే, ముందు జ్వరం ఉందేమో చూడమని చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే చెప్తాను.

అందుకే ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆగాను. నాకు రాయడం వచ్చింది కూడా ఆలస్యంగానే. నలభై ఆరేళ్ళకు పలక పట్టాను. తెలిసింది తెలిసినట్టు రాస్తాను. తెలియనిది తెలియదనే రాస్తాను.

భర్త పోయాక నా కూతురు అనితను తీసుకుని వనపర్తి వచ్చి ఒక కాలేజీ హాస్టల్లో వంట పనికి చేరాను. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక పెద్దవాళ్ళకు చదువు చెప్పే తరగతి ఉండేది. అక్కడే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం రహీం సార్ నేర్పారు.

రహీం సార్ ఇల్లు మా వీధి చివర. పోలీసు వైర్‌లెస్‌లో పని చేసి రిటైరయ్యారు. మేడ మీద చిన్న గదిలో రేడియో సెట్టు, ఆ పైన ఇనుప గొట్టానికి యాంటెన్నా. ఒకరోజు గ్యాస్ కనెక్షన్ కాగితం నింపించుకోవడానికి పోతే ఆయన భార్య జైనబ్ ఆపా పైకి పంపింది. సెట్టులో గద్వాల మనిషి ఒకాయన, నాగర్‌కర్నూల్ మనిషితో వాన గురించి మాట్లాడుతున్నాడు.

"ఇది ఫోనా సార్?" అని అడిగాను.

"ఫోన్ గాదమ్మా. ఫోన్ల ఒకరికి చెప్తం. దీంట్ల గాలికి చెప్తం. ఎవరికి ఇనపడ్తే వాళ్ళు జవాబిస్తరు" అన్నారు.

దాన్ని హాం రేడియో అంటారు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న వాళ్ళే మాట్లాడాలి. ఒక్కొక్కరికీ ఒక కాల్ సైన్ ఉంటుంది, అది వాళ్ళ పేరు లాంటిది. ఆ అక్షరాలు పొరపాటు పడకుండా ఆల్ఫా, బ్రావో, చార్లీ అని పలుకుతారు. నేను ఇంగ్లీషు అక్షరాలు అలాగే నేర్చుకున్నాను. మా అనిత బడిలో ఎ అంటే ఆపిల్ అని చదివింది. నాకు ఎ అంటే ఆల్ఫానే.

పరీక్షకు రెండేళ్ళు పట్టింది. పాత ప్రశ్నలన్నీ ఇంటర్నెట్‌లో ఉంటాయి. సార్ తన ఫోన్‌లో ఒక్కో ప్రశ్న చదివి చెప్పేవారు, నేను ఉల్లిగడ్డలు కోస్తూ జవాబు చెప్పేదాన్ని. తెలుగులో పాఠాలు చెప్పే వీడియోలు కూడా ఉండేవి, అర్థం కానిచోట వెనక్కి తిప్పి మళ్ళీ చూసేదాన్ని. మొదటిసారి తప్పాను. రెండోసారి పాసయ్యాను. అప్పటికి నాకు యాభై ఏళ్ళు. లైసెన్సు మీద నా పేరు నేనే చదువుకున్న రోజు, సార్ తన పాత చేతి సెట్టు ఒకటి నాకిచ్చారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కలిపి మా క్లబ్బులో పద్నాలుగు మందిమి. ఖిల్లా ఘణపూర్ వైపు ఒక గుట్ట మీద మా వాళ్ళు పెట్టుకున్న రిపీటర్ ఉంది. అది మా మాటలను అందుకుని మూడు ఊళ్ళకూ పంచుతుంది. రోజూ పొద్దున ఏడింటికి హాజరు పిలుస్తాం. దాన్ని నెట్ అంటాం. ఒకరు వరుసగా పేర్లు పిలవాలి, మిగతావాళ్ళు పలకాలి. ఎవరైనా మధ్యలో సెలవు అడిగితే, పిలిచేవాళ్ళు సమయం చెప్పి వాళ్ళ స్టేషన్ ముగిసిందని అనాలి. అందరూ అది తమ లాగ్ పుస్తకంలో రాసుకుంటారు. సార్ ఆ పిలిచే పని నాకు అప్పగించారు. రోజూ పలికితేనే అక్షరాలు నిలుస్తాయని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లాగ్ పుస్తకంలో మన గడియారం సమయం రాయరు. ప్రపంచంలో హాం వాళ్ళందరూ ఒకటే సమయం రాస్తారు. మన సమయంలోంచి అయిదున్నర గంటలు తీసేస్తే అది వస్తుంది. మనకు ఏడూ పది అయితే, పుస్తకంలో ఒకటీ నలభై.

నాకు కష్టమైంది ఇదే. ఏడులోంచి అయిదు తీస్తే రెండు. పదిలోంచి ముప్పై పోదు కాబట్టి ఒక గంట అరువు తెచ్చుకోవాలి. తెచ్చుకుంటాను కానీ, రెండును ఒకటి చేయడం మరిచిపోతాను. రెండూ నలభై అంటాను. సరిగ్గా ఒక గంట ఎక్కువ. వేలి కణుపుల మీద లెక్కపెట్టినా వారానికి రెండుసార్లయినా తప్పేదాన్ని. మైకు మీట నొక్కి పట్టుకునే లెక్క పెడతాను కాబట్టి ఆ నాలుగైదు సెకన్ల నిశ్శబ్దం అందరికీ వినిపించేది.

"అక్క లెక్కల పడ్డది. నేను ఛాయ్ తాగొస్త" అనేవాడు గద్వాల నర్సింహులు. అతనికి అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఉంది.

రహీం సార్ మాత్రం ప్రతిసారీ ఒకటే మాట అనేవారు. "గంట ఎక్కువ రాసిచ్చినవ్ చంద్రమ్మా. షుక్రియా."

నేను చెప్పబోయేది జరిగి రెండేళ్ళయింది. వానలు వెనకపట్టిన రోజులు. నాగర్‌కర్నూల్‌లో ఉన్న మా అనితకు నెలలు నిండాయి. నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోన్ చేస్తే, సాయంత్రం బస్సుకు బయలుదేరాను. చేతి సెట్టు బల్ల మీదే ఉంది. బ్యాటరీ తీసి చార్జింగు డబ్బాలో పెట్టాను. గదికి తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను. బస్సులో కూర్చుని నర్సింహులుకు ఫోన్ చేసి, రేపు నెట్ నువ్వు నడుపు అని చెప్పాను. సరే అన్నాడు. సార్‌కు చెప్పలేదు. నర్సింహులు చెప్తాడనుకున్నాను. సార్‌కు నేనే చెప్పి ఉంటానని అతను అనుకున్నాడట.

ఆ రాత్రంతా దవాఖానలో కాన్పు కాలేదు. తెల్లవారాక ఆపరేషన్ చేయాలన్నారు. అల్లుడు రక్తం కోసం పోయాడు. సంతకం పెట్టడానికి నేనే ఉన్నాను. సిస్టరమ్మ వేలిముద్ర కోసం సిరాడబ్బా నా ముందు పెట్టింది.

"నేను సంతకం పెడ్త" అన్నాను.

ఆమె నా ముఖం చూసి పెన్ను ఇచ్చింది. పేరు రాశాను. తేదీ రాశాను. సమయం కూడా రాయమంటే గోడ గడియారం చూసి ఏడూ పది అని రాశాను. సున్నా కోడిగుడ్డులా వచ్చింది. ఈ పాటికి నెట్‌లో సార్ పేరు వచ్చి ఉంటుంది కదా అనుకున్నాను, అది బాగా గుర్తుంది. గడియారం చూశాను కదా, అలవాటుగా అయిదున్నర తీసి లెక్క పెట్టానా లేదా అన్నది మాత్రం గుర్తులేదు. ఎన్నిసార్లు తలచుకున్నా గుర్తుకు రావడం లేదు.

ఎనిమిది లోపల మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

తొమ్మిది దాటాక నర్సింహులు ఫోన్ చేశాడు. బిడ్డ నా ఒళ్ళో ఉంది.

"అక్కా, రహీం సార్ లేడు" అన్నాడు. మేడ మీద యాంటెన్నా గొట్టం సరిచేయబోయి, స్టూలు జారి, పిట్టగోడ మీదుగా కింద పడ్డారని చెప్పాడు. తర్వాత అన్నాడు, "పొద్దుగాల నీతోటి ఎంత మంచిగ మాట్లాడె. నవ్విండు గూడ."

దుఃఖంలో ఏదో కలిపి మాట్లాడుతున్నాడనుకున్నాను. "నాతోటి ఎప్పుడు మాట్లాడిండు?" అన్నాను.

"నెట్ నువ్వే నడిపినవ్ గదక్కా. నేను మైకు పట్టుకునే లోపటనే నీ గొంతు వచ్చె. సెట్టు ఎంబడి తీస్కపోయినవేమో అనుకున్న."

నేను ఫోన్ పెట్టేశాను.

మధ్యాహ్నమే సార్‌ను మట్టి చేశారు. నేను పోలేకపోయాను. మూడో రోజు ఫాతిహా ప్రార్థనకు వనపర్తి చేరాను. ముందు నా గది తాళం తీశాను. సెట్టు పెట్టిన చోటే ఉంది. బ్యాటరీ డబ్బాలోనే ఉంది. నా లాగ్ పుస్తకంలో చివరి వరుస నేను ఊరికి పోయిన రోజు పొద్దున రాసిందే. పక్క గదిలో ఉండే ఆమెను అడిగితే, తాళం వేసినట్టే ఉందని, లోపలి నుంచి చప్పుడేదీ రాలేదని చెప్పింది.

తర్వాత సార్ ఇంటికి పోయాను. జైనబ్ ఆపా నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏడుపు తగ్గాక ఆమె చెప్పిన మాటలు ఇవి.

"నీ తోటి మాట్లాడి నవ్వుకుంట దిగిండమ్మా. గొంతు పల్చగ వస్తుందని చంద్రమ్మ చెప్పింది, రాత్రి గాలికి గొట్టం తిరిగినట్టుంది, నాష్తా చేసి సూస్త అన్నడు. ఉప్మా తిన్నడు. ఛాయ్ తాగిండు. పైకి పోయిండు."

ఆమె నన్ను తప్పుపట్టలేదు. నా చేయి వదలలేదు కూడా. ఆ మాట చెప్పింది నేను కాదని అనబోయాను. అంతలోనే ఆమె లేచింది.

ఆమె మేడ మీదికి తీసుకుపోయి సార్ లాగ్ పుస్తకం చూపించింది. ఆమెకు చదువు రాదు. చివరి వరుస ఎక్కడుందో చూపించమంది. సార్ చేతిరాత గుండ్రంగా, ఒకే తీరుగా ఉంటుంది. నా కాల్ సైన్ ఉంది. ముగిసిన సమయం గడిలో మొదట 0240 అని రాసి, దాని మీద ఒక గీత కొట్టి, పక్కన 0140 అని రాసి ఉంది.

ఎప్పటిలాగే నేను గంట తప్పు చెప్పానని దిద్దుకున్నారు.

ఎదురింటి ముందు బజ్జీల బండి పెట్టే యాదయ్య, నేను కిందికి దిగేసరికి అక్కడే నిలబడి ఉన్నాడు. అతన్ని అడిగాను, సార్ పడ్డప్పుడు ఎన్ని గంటలయిందని. అతను ఫోన్ తీసి, అంబులెన్సుకు చేసిన ఫోన్ ఎన్నింటికి పోయిందో చూపించాడు. ఎనిమిదీ పన్నెండు.

"పడ్డంక ఒకటి, రెండు నిమిషాలల్ల చేసిన. పడంగనే పాణం పోయినట్టుంది. లేపి సూసే వరకే జర ఆలస్యమైంది" అన్నాడు.

అంటే ఎనిమిదీ పది. అక్కడే నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎనిమిదిలోంచి అయిదు తీస్తే మూడు. పదిలోంచి ముప్పై పోదు. ఒక గంట అరువు. మూడును రెండు చేశాను. ఈసారి మరిచిపోలేదు. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ అదే వచ్చింది. రెండూ నలభై.

అప్పటికీ నేను ఇది యాదృచ్ఛికం అనుకోవడానికే చూశాను. నేను రోజూ చేసే తప్పు కదా. ఎవరో నా గొంతు అనుకరించారు, నా తప్పును కూడా అనుకరించారు అనుకున్నాను. కానీ అలా చేయగలిగేవాళ్ళు మా పద్నాలుగు మందిలో ఎవరున్నారు? మా క్లబ్బులో ఆడమనిషిని నేనొక్కదాన్నే.

నర్సింహులు తన షాపులో ఒక రిసీవర్‌ను ఇంటర్నెట్‌కు కలిపి పెట్టాడు. ఊళ్ళో లేనివాళ్ళు ఫోన్‌లోనే నెట్ వినొచ్చు. వచ్చిన మాటలన్నీ ఏడు రోజులు అందులో నిలవ ఉంటాయి, ఆ తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి. అయిదో రోజు నేను గద్వాల పోయాను. షాపు షట్టరు సగం దించి, చెవుల్లో పెట్టుకునేవి నాకిచ్చి అతను పక్కన కూర్చున్నాడు.

నా గొంతే. నాకు మాట మొదలుపెట్టే ముందు చిన్నగా గొంతు సవరించుకునే అలవాటు ఉంది, అది కూడా ఉంది. ఏడింటికి మొదలుపెట్టి వరుసగా పేర్లు పిలిచింది. సార్ దగ్గరికి వచ్చింది.

"సార్, మీ గొంతు పల్చగ వస్తుంది. మధ్యల తెగుతుంది."

"రాత్రి గాలికి గొట్టం తిరిగినట్టుందమ్మా. జర సూస్త. నాకు సెలవియ్యి."

"సమయం రెండూ నలభై. రహీం సార్ స్టేషన్ ముగిసింది."

సార్ నవ్వారు. "ఒకటీ నలభై గద. గంట ఎక్కువ రాసిచ్చినవ్ చంద్రమ్మా. షుక్రియా."

ఆ తర్వాత సార్ గొంతు లేదు.

నెట్ ముగించేటప్పుడు, ఏడూ ఇరవైకి, ఆ గొంతు ఆగింది. నేను ఆగినట్టే నాలుగైదు సెకన్లు. తర్వాత ఒకటీ యాభై అని సరిగ్గా చెప్పింది.

చెవుల్లోవి తీసేసి బల్ల మీద పెట్టాను. మళ్ళీ పెట్టుకుని, సార్ దగ్గరి మాటలు ఇంకోసారి విన్నాను. నాకు ఏదో తేడాగా ఉంది కానీ ఏమిటో తెలియడం లేదు. మూడోసారి విన్నప్పుడు తెలిసింది.

సార్ సెలవియ్యి అన్న వెంటనే ఆ గొంతు రెండూ నలభై అంది. మధ్యలో నిశ్శబ్దం లేదు. నేను ఒక్కనాడు కూడా లెక్క పెట్టకుండా సమయం చెప్పలేదు. తప్పు చెప్పిన రోజున కూడా ఆగి, లెక్కపెట్టి, తప్పు చెప్పాను. ఆ గొంతు సార్ దగ్గర లెక్క పెట్టలేదు. తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

నర్సింహులుకు చెప్పాను. అతను చెవుల్లోవి పెట్టుకుని మళ్ళీ విన్నాడు.

"మేమందరం ఒకటీ నలభై అనే రాసుకున్నమక్కా. నువ్వు తప్పు చెప్పినవనుకున్నం. ఒక్కడు గూడ ఇదేంది అని అడగలే" అన్నాడు.

అతను ఆ రికార్డింగును చెరిగిపోకుండా వేరే దాచాడు. నేను మళ్ళీ వినలేదు. క్లబ్బులో ఇంజినీరింగ్ చదివిన ఒకాయన, పాత రికార్డింగులు ముక్కలు కత్తిరించి ఎవరో అతికించి ఉంటారన్నాడు. అడిగిన దానికి జవాబిచ్చేలా ఎవరు అతికిస్తారో, ఎందుకు అతికిస్తారో ఆయనా చెప్పలేకపోయాడు. నాగర్‌కర్నూల్ దవాఖానలో నేను సంతకం పెట్టిన కాగితాన్ని మా అల్లుడు ఫోన్‌లో ఫొటో తీసి పంపించాడు. ఏడూ పది, కోడిగుడ్డులాంటి సున్నా, అన్నీ అందులో ఉన్నాయి. అది నా చేతిరాత. ఇది నా గొంతు. రెండూ ఒకే నిమిషానివి. రెంటి మధ్యా ఎన్ని మైళ్ళున్నాయో బస్సెక్కినవాళ్ళకు తెలుసు.

మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. సభ్యుడు పోతే, నెట్ పిలిచేవాళ్ళు ఆయన లాగ్ పుస్తకంలో చివరి వరుసగా పోయిన సమయం రాసి, కింద రెండు గీతలు గీసి పుస్తకం మూయాలి. నలభయ్యో రోజున జైనబ్ ఆపా అందుకు నన్ను పిలిచింది. వంటలు అయిపోయి చుట్టాలు పోయాక ఇద్దరమే పైకి పోయాం.

పుస్తకం తెరిచాను. పెన్ను పట్టుకున్నాను. ఆమెకు చెప్పకుండా రాయలేననిపించింది.

"ఆపా, ఆ పొద్దు నేను నాగర్‌కర్నూల్ల ఉన్న. సెట్టు నా దగ్గర లేదు. సార్ తోటి మాట్లాడింది నేను గాదు" అన్నాను.

ఆమె కిటికీలోంచి ఆ ఇనుప గొట్టం వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"గట్ల అనకు చెల్లె. ఆయన నీ తోటే నవ్వుకుంట దిగిండు. నువ్వు గాదంటే, ఆయన ఎవరి తోటి నవ్విండని నేను అనుకోవాలె?"

ఆమెకు అది నేనే కావాలి. నేనే అయితే, గొంతు పల్చగా వస్తుందని చెప్పి ఆయన్ను మేడ మీదికి పంపింది కూడా నేనే. ఆమె అంతదూరం ఆలోచించిందో లేదో నాకు తెలియదు. ఆలోచించి కూడా నన్ను చెల్లె అని ఉండవచ్చు.

చివరి వరుసలో 0240 అని రాశాను. పై వరుసలో సార్ గీత కొట్టిన అంకెలే అవి. కింద రెండు గీతలు గీశాను.

"ఏం రాసినవ్?" అని అడిగింది.

"సార్ పోయిన టైం రాసిన ఆపా" అన్నాను.

ఆ గొంతు సార్‌ను కాపాడబోయిందా, పిలుచుకుపోయిందా నాకు తెలియదు. కాపాడాలనుకుంటే గొట్టం ముట్టుకోవద్దని ఒక్క మాట చాలు. తీసుకుపోవాలనుకుంటే సమయం ఎందుకు చెప్పాలి? ఈ రెండేళ్ళలో నాకు తోచింది ఇంతే, ఇంతకు మించి ఒక్క అడుగు కూడా ముందుకు పోలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ పొద్దున నెట్ నడిపింది ఎవరని అడిగితే చెప్పలేను.

ఇప్పుడు కూడా రోజూ ఏడింటికి నెట్ నేనే నడుపుతాను. జైనబ్ ఆపా సార్ సెట్టును అమ్మలేదు. పొద్దున దాన్ని పెట్టుకుని నా గొంతు వింటుంది. లైసెన్సు లేదు కాబట్టి మాట్లాడదు. వింటున్నట్టు నాకు తెలుసు.

నర్సింహులు అన్ని సమయాలకూ ఒక పట్టిక రాసి పంపించాడు, సెట్టు పక్కన అంటించుకోమని. నేను అంటించుకోలేదు. ఇన్నేళ్ళుగా చేస్తున్న లెక్క, ఈ పాటికి నోటికి రావాలి కదా అని నవ్వుతాడు. నోటికి వస్తుంది. అదే నా భయం. ఎవరైనా సెలవియ్యమని అడిగినప్పుడు, కొన్నిసార్లు, నేను మొదటి కణుపు మీద వేలు పెట్టకముందే సమయం నాలుక చివరికి వచ్చేస్తుంది.

అప్పుడు మైకు మీట వదిలేస్తాను. గడియారం చూస్తాను. ఏడులోంచి అయిదు అని మొదటి నుంచి లెక్కపెట్టుకుంటాను. అంతసేపూ మూడు ఊళ్ళవాళ్ళు నా కోసం ఆగుతారు. ఆగనీ.